చూసిండ్రు, రాసిండ్రు, పోయిండ్రు

యూడైస్ ఫారం, అంటే బడి వివరాలన్నీ ఏటా సర్కారుకు పంపే ఫారం, నింపిన ప్రతి హెడ్మాస్టరుకూ ఆ గడులు తెలిసే ఉంటాయి. పోయిన విద్యా సంవత్సరంలో పిల్లలకు వైద్య పరీక్షలు జరిగాయా, అవునా కాదా. నులిపురుగుల గోలీలు ఇచ్చారా, అవునా కాదా. ఐరన్ గోలీలు ఇచ్చారా, అదీ అంతే. మేం అవును అని కొడతాం. అది అబద్ధం కూడా కాదు, నిజంగానే జరిగాయి. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి ఆ అవునులన్నీ చేరి ఏదో మీటింగులో స్లైడు మీద పెద్ద శాతంగా కనబడతాయి. ఆ పరీక్షల్లో ఎవరికి ఏం బయటపడింది, బయటపడ్డవాళ్ళకు ఆ తర్వాత ఏమైంది అని మాత్రం ఎవరూ అడగరు. నా గొడవంతా దాని గురించే.

నేను హనుమకొండ జిల్లాలో, పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయోసైన్స్ చెప్తాను. బయోసైన్స్ సారు అన్న పాపానికి ఆరోగ్యానికి సంబంధించిన ప్రతి కాగితం నా బల్ల మీదికే వస్తుంది. గోలీల లెక్క నాదే, చేతులు కడుక్కునే దినం ఫోటోలు నావే, డెంగీ ర్యాలీకి బ్యానరు రాయించేదీ నేనే. అందుకని ఈ విషయం కాస్త దగ్గర నుంచి చూశాను, చూసిందే రాస్తున్నాను.

ముందు ఆ వ్యాన్ గురించి చెప్పాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, మేం ఆర్‌బీఎస్‌కే అంటాం, 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలందరూ దీని కిందికి వస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, పిల్లల్లో ఎక్కువగా కనబడే జబ్బులు, ఎదుగుదలలో వెనకబాటు, ఈ నాలుగు రకాల కింద 30 సమస్యల కోసం వెతకాలి. ఒక్కో టీంలో ఇద్దరు ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటివి చదివిన) డాక్టర్లు, ఒక ఏఎన్ఎం నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, స్కూలుకు ఒకసారి రావాలి. కాగితం మీద చాలా మంచి పథకం, ఈ మాట వెటకారంగా అనడం లేదు. గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు, గ్రహణం మొర్రి ఉన్న పిల్లలు దీని ద్వారా ఆపరేషన్ దాకా వెళ్ళిన సంగతులు మా చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నాయి. హోమియో డాక్టరుకు ఏం తెలుస్తుందిలే అని స్టాఫ్‌రూంలో పెదవి విరిచేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెవిలో చీము ఉందో లేదో, కంటి రెప్ప కింద తెల్లగా పాలిపోయిందో లేదో చూడటానికి ఎండీ చదవక్కర్లేదు.

లెక్క మాత్రం ఒకసారి వేయండి. ఇద్దరు డాక్టర్లు, రెండు వందల మంది పిల్లలు, ప్రార్థన, మధ్యాహ్న భోజనం పోను నాలుగైదు గంటలు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు వస్తే గొప్ప. వరండాలో బరువు మిషను, గోడకు అంటించిన ఎత్తు కొలిచే టేపు, ఒక పక్క కళ్ళ చార్టు. ఓ పిల్లాడు బరువు చెప్తుంటే ఇంకో పిల్లాడు నోరు తెరిచి పళ్ళు చూపిస్తుంటాడు, నేను వరుసగా పేర్లు పిలుస్తుంటాను. పుచ్చిపళ్ళు, గజ్జి, తామర, చెవి కారడం, చూపు తగ్గడం, రక్తం తక్కువ, ఏటా కనబడేవి ఇవే. చిన్నవాటికి అక్కడే మందు ఇస్తారు, పెద్దవాటికి పై దవాఖానకు చీటీ రాస్తారు. సాయంత్రానికి వ్యాన్ వెళ్ళిపోతుంది, రేపు ఇంకో ఊరు, వాళ్ళకూ టార్గెట్లున్నాయి కదా.

ఇక చీటీ ఉంటుంది. ఆ చీటీ పిల్లాడి చేతిలో ఉంటుంది, లేదంటే లెక్కల నోట్సులో మడిచి ఉంటుంది.

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. ఏడో తరగతిలో ఉన్నప్పుడు పిలిస్తే పలకడు, పాఠం అడిగితే తెల్లమొహం వేస్తాడు, మొద్దు అని అందరం తీర్మానించుకున్న రకం. వ్యాన్ వచ్చినప్పుడు చూస్తే కుడి చెవి ఎన్నాళ్ళ నుంచో కారుతోంది. చీటీ రాశారు. వాళ్ళమ్మను పిలిపించి చెప్పాను. "పత్తి ఏరుడు నడుస్తంది సారూ, ఒక్కరోజు పోతే కూలి పాయె, ఆడికి పోతే ఒక్కనాటితోని అయితదా ఏంది" అన్నది. ఆమె అన్నది వంద శాతం నిజం. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీనే, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, కానీ పోయిన కూలిని ఏ బస్సూ తిరిగి ఇవ్వదు. అయినా పాపం తీసుకెళ్ళింది. ఏ దవాఖాన అన్నది ఇక్కడ అనవసరం, ఓపీ చీటీ లైనులోనే సగం పూట పోయింది, చెవి డాక్టరు ఆ రోజు ఆపరేషన్లలో ఉన్నాడు, ఇంకో రోజు రమ్మన్నారు. ఆ ఇంకో రోజు రాలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర చుక్కల మందు కొన్నారు, చీము ఆగింది, మళ్ళీ వానాకాలం రాగానే మొదలైంది. ఇప్పుడు వాడు తొమ్మిదికి వచ్చాడు, కుడి పక్క నుంచి పిలిస్తే ఇప్పటికీ తిరగడు. రిజిస్టరులో మాత్రం వాడి పేరు ఎదురుగా రిఫర్డ్ అని రాసి ఉంది కాబట్టి లెక్కలో వాడి పని అయిపోయింది.

తల్లిదండ్రులకు అవగాహన లేదు అనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. మీటింగుల్లో ఆ మాట వినీ వినీ విసుగు పుట్టింది. ఆ తల్లికి చెవి విలువ తెలియదా? ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక వ్యాన్, ఇంతమందిని పెట్టి జబ్బు కనిపెట్టి, ఆ తర్వాత పని మొత్తం రోజు కూలికి వెళ్ళే ఒక్క మనిషి మీద వేసి, ఆమె చేయలేకపోతే అవగాహన లేదంటాం.

ఇదేదో కొత్తగా పుట్టిన సమస్య కూడా కాదు. మన దేశంలో స్కూలు పిల్లలకు వైద్య పరీక్షలు 1909లోనే బరోడాలో మొదలయ్యాయి. స్కూళ్ళలో ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని 1946లో దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ చెప్పింది. 1961లో స్కూల్ హెల్త్ కమిటీ, పిల్లలు బడిలో చేరినప్పుడు ఒకసారి, తర్వాత నాలుగేళ్ళకోసారి పూర్తి పరీక్ష చేయాలంది. మన ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష అని కార్డులు ఇచ్చారు, ఆ కార్డుల కట్టలు ఇప్పటికీ కొన్ని స్కూళ్ళ బీరువాల్లో దొరుకుతాయి. ఆ తర్వాత ఆర్‌బీఎస్‌కే. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూలుకు ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టమన్నారు. పథకాలకు మనకేం కొదవ లేదు. ప్రతి దాంట్లో చూసే పని పెరిగింది, చూశాక చేయాల్సిన పనికి మాత్రం మనిషి దొరకలేదు. విద్యా హక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి, గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ, లైబ్రరీ అన్నీ ఉంటాయి. జ్వరమొచ్చిన పిల్ల పడుకోవడానికి ఒక మంచం మాట ఎక్కడా ఉండదు. ఆ పిల్లను మేం స్టాఫ్‌రూంలో రెండు కుర్చీలు కలిపి పడుకోబెడతాం.

రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా కళ్ళ పరీక్షలు చేయించిన కంటి వెలుగు మీకు గుర్తుండే ఉంటుంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలుపెట్టారు, 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత. దాని మీద రాజకీయంగా ఎవరు ఏమన్నా, ఊళ్ళో ముసలవ్వలు ఈ రోజుకీ దాని పేరు చెప్పుకుంటారు, ఎందుకంటే దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. చూడటం, ఇవ్వడం ఒకే చోట ఒకే పూటలో అయిపోయింది. పిల్లల విషయంలో అది అంత సులువు కాదు. పిల్లలకు ఎక్కువగా దూరపు చూపు సమస్య, ఒక్కో కంటికి ఒక్కో నంబరు, అద్దాలు చేయించి తేవాలి. అంటే మళ్ళీ ఆ మధ్యలోని రోజులు, మళ్ళీ ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవడం.

కళ్ళ పరీక్షలో ఇంకో తమాషా ఉంది. లైనులో ముందున్న పిల్లాడు అక్షరాలు చదువుతుంటే వెనకున్నవాళ్ళకు చార్టు మొత్తం నోటికొచ్చేస్తుంది. బోర్డు మీద రాసింది కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్ల కూడా చివరి లైను గడగడా చదివేస్తుంది. అద్దాలొస్తే నాలుగు కళ్ళది అంటారని భయం. అందుకే ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పిన చార్టు మంచిది, కాళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనాలి, ఆరు మీటర్ల దూరం కొలిచి గీత గీయాలి, ఒక కన్ను నిజంగా మూసుకుందా, వేళ్ళ సందులోంచి చూస్తోందా గమనించాలి. ఇది టీచరు చేయగలిగిన పని, చేయాల్సిన పని కూడా, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే క్లాసు టీచరు చేసేస్తే వ్యాన్ వచ్చే నాటికి అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు సిద్ధంగా ఉంటాయి, డాక్టరుకు రెండు నిమిషాల బదులు పది నిమిషాలు దొరుకుతాయి. అద్దాలు వచ్చాక ఇంకో కథ. మగపిల్లలు కబడ్డీలో విరగ్గొట్టుకుంటారు, ఆడపిల్లలవి ఇంట్లో దాచేస్తారు. "అద్దాలు పెడితే రేపు పిల్లకు సంబంధాలెట్ల వస్తయి సారూ" అని నన్ను అడిగిన తండ్రి చదువుకున్నవాడే. విరిగిన అద్దాలకు రెండో జత ఎవరిస్తారని అడిగితే ఇప్పటిదాకా నాకు సూటిగా జవాబు దొరకలేదు.

రక్తహీనత సంగతి ఇంకా పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. నా క్లాసులో కూర్చునే ఆడపిల్లలు ఈ రెండు లెక్కల మధ్య వయసువాళ్ళు, ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. వారానికోసారి నీలం రంగు ఐరన్ గోలీ ఇస్తాం. పరగడుపున వేసుకున్న పిల్లకు కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, భయపడి ఇంట్లో చెప్తుంది, వచ్చే వారం నుంచి సగం మంది గోలీ తీసుకుని కిటికీలోంచి పడేస్తారు. అన్నం తిన్నాక వేసుకోవాలి, నలుపు రావడం మామూలే, వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, ఇంత చెప్తే చాలావరకు తీరుతుంది. చెప్పాలి గానీ, ఎవరు వేసుకున్నారో తర్వాతి వారం అడగాలి గానీ. అన్నిటికన్నా ముఖ్యంగా రక్తం ఎంతుందో కొలవాలి. కంటి రెప్ప చూసి చెప్పడం ఒక అంచనా మాత్రమే. వేలి మీద చిన్న సూది గుచ్చితే నిమిషంలో హిమోగ్లోబిన్ చెప్పే మిషన్లు ఉన్నాయి. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనతే. మూడు నెలలు గోలీలు మింగాక మళ్ళీ కొలిస్తే పెరిగిందో లేదో తెలుస్తుంది, పెరిగిన అంకె తన కళ్ళతో చూసిన పిల్ల గోలీని కిటికీలోంచి పడేయదు.

పెరగకపోతే? అక్కడ అసలు డాక్టరు అవసరం పడుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు కోయ పిల్లలున్న స్కూళ్ళలో పనిచేసే మిత్రులకు ఇది మరీ ముఖ్యం. అక్కడ రక్తం తక్కువ అనగానే ఇనుము గోలీ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే కుదరదు, సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తకణాల జబ్బు) ఉందేమో చూడాలి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ ఈ పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. జీవితంలో ఒకసారి సరిగ్గా చేస్తే చాలిన పరీక్ష అది. ఎముకల నొప్పులతో మాటిమాటికీ బడి మానేసే పిల్లను దొంగ ఏడుపులు అనే ముందు ఆ పరీక్ష కాగితం ఒకసారి చూడాలి.

మధ్యలో ఒక మాట. పరీక్ష ఎలా చేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. అందరి ముందూ "ఈ పిల్ల తల నిండా పేలే" అని గట్టిగా అనడం, గజ్జి ఉన్నవాళ్ళను వేరే లైనులో నిలబెట్టడం, ఎనిమిదో తరగతి ఆడపిల్లను మగపిల్లలు చూస్తుండగా నెలసరి గురించి అడగడం, ఇవన్నీ నేను చూశాను. వచ్చే ఏడు వ్యాన్ వస్తుందని తెలిసిన రోజున ఆ పిల్లలు కడుపునొప్పి అని బడికే రారు. ఒక పాత చీర అడ్డం కట్టినా ఒక గది తయారవుతుంది, దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

మరి ఏం చేయాలంటావు, స్కూలుకో నర్సును పెట్టమంటావా అని అడుగుతారు. పెట్టమనను. పదిహేను మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి, అక్కడ నర్సు ఏం చేస్తుంది. కానీ హైస్కూలు, దాని చుట్టూ ఉన్న ప్రాథమిక పాఠశాలలు, అంగన్‌వాడీలు కలిపి స్కూల్ కాంప్లెక్సుకు ఒక ఏఎన్ఎం ఉండాలంటాను. ఆమెకు ఒకటే పని, చీటీ రాసిన ప్రతి పిల్ల వెంట పడటం. ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు, ఎందుకు వెళ్ళలేదు, మందు ఆగిపోయిందా, అద్దాలు వచ్చాయా. గురుకులాల్లో స్టాఫ్ నర్సులు ఉన్నారు కదా, అయినా 2024లో అంతమంది పిల్లలు కలుషిత ఆహారంతో ఆస్పత్రుల పాలయ్యారుగా అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, నర్సు వంటగదిని బాగుచేయలేదు. కానీ అక్కడ వాంతులైన పిల్లను రాత్రి పూట కనిపెట్టి చూసే మనిషి ఒకరుంటారు. ఊళ్ళో స్కూలు పిల్లకు పగటి పూట కూడా ఎవరూ లేరు.

టీచర్లే చేయొచ్చుగా అనేవాళ్ళకు నా జవాబు, కళ్ళ చార్టు పెడతాం, గోలీలు ఇస్తాం, చేతులు కడుక్కోవడం నేర్పుతాం, కానీ పది కిలోమీటర్ల అవతల ఉన్న దవాఖానలో డాక్టరు ఏ రోజు ఉంటాడో కనుక్కుని పిల్లను తీసుకెళ్ళి రావడం పాఠం వదిలేస్తే తప్ప కాదు. వాటన్నిటికన్నా తేలికైన పని ఇంకోటుంది. మండలంలో చీటీలు రాసిన పిల్లలందరినీ నెలకో రోజు అదే వ్యాన్‌లో జిల్లా దవాఖానకు తీసుకెళ్ళాలి, ఆ రోజు వాళ్ళకు వేరే కౌంటరు, చెవి, కన్ను, పళ్ళ డాక్టర్లు ముందే తెలిసి అందుబాటులో ఉండాలి. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న మహిళా సంఘాల అక్కలు ఇద్దరు వెంట వస్తే, ప్రతి తల్లీ కూలి మానుకోవాల్సిన పని ఉండదు. యూడైస్ గడిలో అవును, కాదు అని కాకుండా ఎంతమందికి చీటీ రాశారు, ఎంతమందికి వైద్యం పూర్తయింది అని రెండు అంకెలు అడగాలి. అడిగితే మొదటి ఏడాది తప్పుడు అంకెలే వస్తాయి, నాకు తెలుసు, అయినా అడగాలి.

ఇప్పుడు మా సంగతి. టీచర్లు పిల్లల పరిసరాల్లో భాగం కాబట్టి పిల్లలతో పాటు వాళ్ళకూ, బడిలోని మిగతా సిబ్బందికీ పరీక్షలు చేయాలని వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లోనే ఉంటుంది. మాకు జరిగిన వైద్య పరీక్ష ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇక అంతే. 2017 తర్వాత టీచర్ల నియామకానికి డీఎస్సీ పరీక్ష మళ్ళీ 2024లోనే జరిగింది, రిటైర్మెంటు 61 అయింది, స్టాఫ్‌రూంలో చూస్తే సగం తలలు నెరిసినవే. షుగర్, బీపీ, పగిలిన గొంతులు, నిలబడి నిలబడి ఉబ్బిన కాలి నరాలు. మరుగుదొడ్డి సరిగ్గా లేక పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తెచ్చుకునే మేడమ్‌లు ప్రతి మండలంలో ఉంటారు, ఈ మాట ఏ సమీక్షలోనూ రాదు. నాతో పనిచేసిన ఒక సారు క్లాసులోనే కుప్పకూలారు, దవాఖానకు తీసుకెళ్తే బీపీ చాలా ఏళ్ళ నుంచి ఉండి ఉంటుందన్నారు, ఆయన తన జన్మలో ఒక్కసారి కూడా చూపించుకోలేదు. హెల్త్ కార్డులు, రీయింబర్స్‌మెంటు అంటూ మేం చేసే పోరాటాలన్నీ జబ్బు వచ్చాక అయ్యే ఖర్చు గురించే, ముందే కనిపెట్టమని సంఘాలు కూడా గట్టిగా అడగవు. రెండు వారాలు దాటి దగ్గుతున్న టీచరు టీబీ ఉందేమోనని కళ్ళె (కఫం) పరీక్ష చేయించుకోవాలి, నలభై మంది పిల్లలున్న మూసిన గదిలో అది ఆయన సొంత విషయం కాదు. వంట చేసే అక్కల సంగతీ అంతే, వాళ్ళకు పరీక్షలు చేయాలని నిబంధనల్లో ఉంది, మా బడిలో అది జరగగా నేను చూడలేదు.

వ్యాన్ ఎలాగూ వస్తోంది. అదే రోజు, పిల్లలు భోజనానికి వెళ్ళిన అరగంటలో స్టాఫ్‌కు, వంట అక్కలకు బీపీ, షుగర్ చూడొచ్చు. షుగర్ స్ట్రిప్పులకు స్కూలు గ్రాంటు నుంచి కాకపోతే మా జేబుల్లోంచే పెట్టుకుంటాం. బీపీ మిషన్ వ్యాన్‌లోనే ఉంటుంది, పిల్లల చేతికి సరిపోయే పట్టీతో. పెద్దవాళ్ళ చేతికి పట్టే పట్టీ ఇంకోటి తెచ్చుకోమని ముందు రోజు ఫోన్ చేసి చెప్తే సరిపోతుంది.